చందమామ బిలాల ఫొటోలకి ఏ టెలిస్కోపు, ఏ కెమెరా? బరంపురం నుంచి కోరాపుట్ దాకా ఉన్నవాళ్ల కోసం ఒక పోలిక

"ఏ టెలిస్కోపు కొనమంటారు?" అని అడిగేవాళ్లు ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఫొటోలో కావాల్సింది నిండు బింబమా, ఒక్క బిలమా? నిండు బింబానికి చేతిలో ఉన్న ఫోనే చాలు. కోపర్నికస్ లాంటి బిలం లోపలి మెట్లు, నడిమి కొండలు విడివిడిగా కనపడాలంటే మాత్రం ఖరీదైన డీఎస్ఎల్ఆర్‌తో ఒక్క క్లిక్ కొట్టినా చాలదు. అంతకంటే ఎంతో తక్కువకి దొరికే చిన్న వీడియో కెమెరా ఆ పని చేస్తుంది. ఇది తేలకుండా సామాను కొంటే, కొన్నది ఒక పనికీ కావాల్సింది మరో పనికీ అవుతుంది.

మన బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్ అన్నీ దాదాపు 19 డిగ్రీల అక్షాంశం మీదే ఉన్నాయి. చందమామ ఫొటోలకి ఇదొక వరం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా శుక్ల అష్టమి చంద్రుడు సూర్యాస్తమయం వేళకి దాదాపు నడినెత్తికి వస్తాడు. ఎంత ఎత్తులో ఉంటే మధ్యలో అంత తక్కువ గాలి, అంత నిలకడైన బొమ్మ. ఐరోపా వాళ్లు రాసిన సలహాల్లో ఈ అదృష్టం లెక్కలోకి రాదు. ఇక్కడి ఉక్కపోత, సముద్రపు తేమ, వేడెక్కిన డాబా కూడా వాటిలో ఉండవు. అందుకే ఈ పోలిక మన ఊళ్లకి తగ్గట్టు.

ముందు రెండు లెక్కలు

టెలిస్కోపు మీద మి.మీ.లలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌ని 110తో భాగిస్తే సెన్సర్ మీద పడే చందమామ సైజు వస్తుంది. 650 మి.మీ. టెలిస్కోపులో 6 మి.మీ., 1200లో 11 మి.మీ., 1500లో 13.6 మి.మీ. మామూలు ఏపీఎస్-సి డీఎస్ఎల్ఆర్ సెన్సర్ ఎత్తు సుమారు 15 మి.మీ. కాబట్టి 1500 మి.మీ. దాకా బింబం మొత్తం ఒకే ఫొటోలో పడుతుంది, అంతకు మించితే అంచు తెగుతుంది.

రెండో లెక్క వివరానికి సంబంధించింది. 116ని అద్దం వ్యాసంతో (మి.మీ.లలో) భాగిస్తే ఆ టెలిస్కోపు విడదీయగల అతి చిన్న కోణం ఆర్క్ సెకన్లలో వస్తుంది. చంద్రుడి మీద ఒక ఆర్క్ సెకను అంటే సుమారు 1.86 కి.మీ. ఈ లెక్కన 90 మి.మీ.కి 2.4 కి.మీ., 130 మి.మీ.కి 1.7 కి.మీ., 150 మి.మీ.కి 1.4 కి.మీ., 200 మి.మీ.కి 1.1 కి.మీ. ఇవి గాలి పూర్తిగా నిలిచిన రాత్రి హద్దులు. ఒక గుంట గుంటలా కనపడాలంటే దీనికి రెట్టింపు సైజు ఉండాలి. ప్లేటో బిలం అడుగున ఉన్న రెండు మూడు కిలోమీటర్ల చిన్న గుంటలు పట్టాలన్న కోరిక ఉంటే 150కి తగ్గొద్దు. క్లేవియస్ (సుమారు 230 కి.మీ.), కోపర్నికస్ (93 కి.మీ.), టైకో (85 కి.మీ.) చాలనుకుంటే 90 మి.మీ.తోనే ఏళ్ల తరబడి పని ఉంటుంది.

చంద్రయాన్-3 దిగిన చోటు కావాలని చాలామంది అడుగుతారు. 2023 ఆగస్టు 23న విక్రమ్ దిగింది 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర. ల్యాండర్ ఏ పెరటి టెలిస్కోపుకీ కనపడదు. దాని పొరుగున ఉన్న మాంజినస్ బిలం దాదాపు 100 కి.మీ. వెడల్పు ఉంటుంది కాబట్టి 90 మి.మీ.కి కూడా దొరుకుతుంది. దాన్ని గుర్తుపట్టి, ఇంకాస్త తూర్పుకి, అంచు వైపుకి జరిగితే ఆ ప్రాంతమే.

ఫోన్

ఐపీస్ (కన్ను ఆనించి చూసే లెన్స్) మీద ఫోన్ కెమెరా ఆనించి తీయడం. చేత్తో పట్టుకుంటే పది ఫొటోల్లో ఒకటి కుదురుతుంది. మూడు వైపులా మరలతో సర్దుకునే అడాప్టర్ కొంటే అన్నీ కుదురుతాయి. ఒక్క క్లిప్‌తో పట్టే ప్లాస్టిక్ రకం ఫోన్ బరువుకి జారిపోతుంది, అది వద్దు.

ఇక్కడ ముఖ్యం మాగ్నిఫికేషన్. టెలిస్కోపు ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. 60 నుంచి 100 రెట్లు ఉంటే ఫోన్ మెయిన్ కెమెరాలో బింబం హాయిగా నిండుతుంది. 650 మి.మీ. టెలిస్కోపుతో వచ్చే 25 మి.మీ. ఐపీస్ 26 రెట్లే ఇస్తుంది, చందమామ ఫ్రేములో ఐదో వంతు మాత్రమే ఉంటుంది. 10 మి.మీ. పెట్టాలి. 1500 మి.మీ. మాక్సుటోవ్‌లో (ముందు గాజు, వెనక అద్దం ఉన్న పొట్టి, మూసిన గొట్టం) అదే 25 మి.మీ. 60 రెట్లు ఇస్తుంది కాబట్టి పెట్టెలో వచ్చిన ఐపీస్‌తోనే పని అయిపోతుంది.

సెట్టింగులు: ప్రో మోడ్, ఐఎస్ఓ 50 లేదా 100, షట్టర్ 1/125 దగ్గర మొదలుపెట్టి తెల్లగా మాడితే 1/250, 1/500కి వెళ్లండి. ఫోకస్ లాక్ చేయండి. 3 సెకన్ల టైమర్ పెట్టండి, స్క్రీన్ తాకిన ఊపు రెండు సెకన్ల దాకా ఆగదు. సీన్‌ని గుర్తుపట్టి మెరుగులు దిద్దే ఏఐ ఆప్షన్ తప్పకుండా ఆపేయండి. కొన్ని ఫోన్లు చందమామని గుర్తుపట్టి సెన్సర్‌కి అందని గీతలు కలిపేస్తాయి. మీ టెలిస్కోపు ఏం చూపిందో మీకే తెలియకుండా పోతుంది. మూడు కెమెరాలున్న ఫోన్ తనంతట తాను లెన్స్ మార్చేసుకుంటే బొమ్మ హఠాత్తుగా నల్లబడుతుంది. అప్పుడు జూమ్ ముట్టుకోకుండా 1ఎక్స్‌లోనే ఉంచండి.

ఫోన్‌తో బిలం క్లోజప్ రాదా? వస్తుంది. 4కే వీడియో నిమిషం తీసి, ఫ్రేములు పేర్చే పద్ధతి (కింద చెప్తాం) వాడితే క్లేవియస్ లోపలి చిన్న బిలాల వరస బాగానే తేలుతుంది. కాకపోతే ఫోన్ వీడియోని కుదించి దాస్తుంది, నీడల్లోని సన్నని తేడాలు అక్కడ పోతాయి.

డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్

బరంపురంలో పెళ్లి ఫొటోలు తీసేవాళ్ల చేతిలోనూ, చాలా ఇళ్లలోనూ ఈ కెమెరా ఇప్పటికే ఉంది. లెన్స్ తీసేసి టీ-రింగ్, 1.25 అంగుళాల ముక్కు అడాప్టర్ తగిలిస్తే టెలిస్కోపే లెన్స్ అవుతుంది. ఉన్నది నిండు బింబం కోరికైతే, కెమెరా కూడా ఉంటే, ఫోన్ కంటే ఇదే మేలు. రా ఫైలులో నీడలూ మెరుపులూ రెండూ నిలుస్తాయి.

అయితే ఒక చిక్కు ఉంది, దీన్ని అమ్మేవాళ్లు చెప్పరు. 114/900, 130/650 (అద్దం వ్యాసం/ఫోకల్ లెంగ్త్) లాంటి మామూలు న్యూటోనియన్లలో, అంటే అడుగున అద్దం ఉండి గొట్టం పక్కనుంచి చూసే టెలిస్కోపుల్లో, డీఎస్ఎల్ఆర్ ఫోకస్‌కి రాదు. మౌంట్ అంచు నుంచి సెన్సర్ దాకా క్యానన్‌లో 44 మి.మీ., దానికి టీ-రింగ్ మందం 11 కలిపితే 55 మి.మీ. ఆ మేరకు ఫోకసర్ లోపలికి వెళ్లాలి. కంటితో చూడటానికి చేసిన గొట్టంలో అంత చోటు ఉండదు. ఫోకసర్‌ని అంచు దాకా తిప్పినా చందమామ మసకగానే ఉంటే, కెమెరా చెడిపోలేదు, ఇదే కారణం. 2ఎక్స్ బార్లో (ఫోకల్ లెంగ్త్‌ని రెట్టింపు చేసే లెన్స్) పెడితే ఫోకస్ బిందువు బయటికి జరుగుతుంది, చిక్కు తీరుతుంది. 650 కాస్తా 1300 అవుతుంది, బింబం 12 మి.మీ.కి పెరుగుతుంది, ఏపీఎస్-సి సెన్సర్‌కి అచ్చంగా సరిపోతుంది. అడ్డదారిలా మొదలైనా ఇది నిజంగా మంచి కలయిక. గొట్టాన్ని కోసి ప్రధాన అద్దాన్ని ముందుకు జరిపే పని మాత్రం మొదటి టెలిస్కోపు మీద చేయొద్దు.

మాక్సుటోవ్‌లోనూ రిఫ్రాక్టర్ (లెన్సుల టెలిస్కోపు)లోనూ ఈ తలనొప్పి లేదు. మాక్సుటోవ్ ప్రధాన అద్దాన్నే ముందుకూ వెనక్కూ జరిపి ఫోకస్ చేస్తుంది కాబట్టి ఏ కెమెరాకైనా చోటిస్తుంది. ఫోకస్ మర తిప్పినప్పుడు బొమ్మ కొంచెం పక్కకి దూకుతుంది. చివరి తిప్పు ఎప్పుడూ అపసవ్య దిశలో ఉండేలా చూసుకుంటే ఆ దూకుడు తగ్గుతుంది.

ఎక్స్‌పోజర్‌కి పాత లెక్క ఇప్పటికీ నమ్మదగ్గదే (ఎఫ్ సంఖ్య అంటే ఫోకల్ లెంగ్త్‌ని అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చేది): పౌర్ణమికి ఎఫ్/11, ఐఎస్ఓ 100, 1/100 సెకను. ఎఫ్/5లో 1/500, ఎఫ్/8లో 1/200. అష్టమికి నాలుగు రెట్లు ఎక్కువ వెలుతురు కావాలి, వెలుగూ చీకటీ కలిసే గీత (నీడ గీత) దగ్గర ఎనిమిది రెట్లు. కాబట్టి ఎఫ్/12 మాక్సుటోవ్‌లో అష్టమి రోజు ఐఎస్ఓ 800, 1/160 దగ్గర మొదలుపెట్టండి. మోటారు లేని టెలిస్కోపులో చందమామ సెకనుకి 15 ఆర్క్ సెకన్లు జారుతుంది. 1/60లో జారేది పావు ఆర్క్ సెకను, ఎవరికీ కనపడదు. 1/15లో ఒక ఆర్క్ సెకను, అప్పుడు 130 మి.మీ. అద్దం ఇచ్చే వివరమంతా చెరిగిపోతుంది. ఐఎస్ఓ పెంచడానికి భయపడి షట్టర్ తగ్గించడం ఇక్కడ పెద్ద తప్పు.

లైవ్ వ్యూలో 10 రెట్లు జూమ్ చేసి, నీడ గీత మీద ఉన్న ఒక పదునైన బిలం అంచు చూసి ఫోకస్ చేయండి. అద్దం టపుక్కుమని లేచే కుదుపు పోవాలంటే లైవ్ వ్యూలోంచే, టైమర్ 10 సెకన్లు పెట్టి తీయండి. కెమెరా బరువు అర కిలో పైనే. డాబ్సోనియన్ (నేల మీద పీఠంలో చేత్తో తిప్పే న్యూటోనియన్) మూతి ఆ బరువుకి కిందికి వాలిపోతుంది. గొట్టం ఉక్కుదైతే అడుగు భాగాన స్పీకర్ అయస్కాంతాలు అంటించి తూకం సరిచేయవచ్చు.

చిన్న వీడియో కెమెరా

ఐపీస్ స్థానంలో దూర్చే, లాప్‌టాప్‌కి యూఎస్‌బీ తీగతో కలిపే కెమెరా. సెన్సర్ గోరంత, 4.8 × 3.6 మి.మీ. సైజువి ఎక్కువ. బిలం వివరమే కావాలంటే ఇక వాదన లేదు, ఇదే కొనండి.

కారణం గాలి. మీకూ చందమామకీ నడుమ గాలి పొరలు సెకనుకి ఎన్నోసార్లు బొమ్మని వంచుతుంటాయి. మధ్య మధ్య అతి కొద్దిసేపు నిలుస్తాయి. డీఎస్ఎల్ఆర్ క్లిక్ ఆ క్షణంలో పడటం అదృష్టం. ఈ కెమెరా నిమిషంలో రెండు మూడు వేల ఫ్రేములు తీస్తుంది. ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిలో పదునైన 10 నుంచి 20 శాతం ఏరి, ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. ఏరడం వల్ల వివరం వస్తుంది, పేర్చడం వల్ల గరుకు పోతుంది. అప్పుడే రెజిస్టాక్స్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో పదును పెంచే చోటు దొరుకుతుంది. ఒకే ఫొటోని పదును పెంచితే గరుకే పెరుగుతుంది.

పిక్సెల్ సైజుకి టెలిస్కోపు ఎఫ్ సంఖ్య కుదరాలి. పిక్సెల్ మైక్రాన్లను 5తో హెచ్చవేయండి. 2.9 మైక్రాన్లకి ఎఫ్/14.5, 3.75కి ఎఫ్/19. ఎఫ్/12 మాక్సుటోవ్‌ని 2.9 మైక్రాన్ల కెమెరాతో బార్లో లేకుండానే వాడొచ్చు. ఎఫ్/5 న్యూటోనియన్‌కి 3ఎక్స్ బార్లో కావాలి. గాలి బాగోని రాత్రి ఈ లెక్క కంటే తక్కువలో ఆగండి, పెద్దదైన మసక బొమ్మ కంటే చిన్నదైన పదునైన బొమ్మ నయం.

వీడియో రికార్డు చేసే ప్రోగ్రాం, షార్ప్‌క్యాప్ కానీ ఫైర్‌క్యాప్చర్ కానీ తెరిచి, ఎస్ఈఆర్ ఫైలు, 8 బిట్లు, ఎక్స్‌పోజర్ 5 నుంచి 15 మిల్లీ సెకన్లు, హిస్టోగ్రామ్ 70 శాతం మించకుండా గెయిన్ పెట్టి, 60 నుంచి 90 సెకన్లు తీయండి. పాత లాప్‌టాప్‌లో యూఎస్‌బీ 2 మాత్రమే ఉంటే పూర్తి ఫ్రేములో సెకనుకి 30 దగ్గర ఆగిపోతుంది, ఫ్రేమును చిన్నది చేస్తే వేగం పెరుగుతుంది. లాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ నెమ్మదిదైతే ఫ్రేములు రాలిపోతాయి. స్క్రీన్ మీద "డ్రాప్డ్" అంకె పెరుగుతుందేమో చూస్తుండండి.

లోపం కూడా ఉంది. 1500 మి.మీ.లో ఈ సెన్సర్‌కి పట్టేది 11 × 8 ఆర్క్ నిమిషాలే. 31 నిమిషాల బింబం మొత్తం కావాలంటే అంచులు కలిసేలా పదిహేను ఇరవై ముక్కలు తీసి అతకాలి. ఒక ముక్క మరిచిపోతే ఇంటికొచ్చాక చందమామకి కన్నం. ముక్కలు తీస్తున్నంతసేపూ ఎక్స్‌పోజర్ మార్చొద్దు, మారిస్తే అతుకు గీతలు కనపడతాయి. లాప్‌టాప్ బయటికి మోయాలి, కరెంటు కావాలి. ఇదంతా భారం అనుకునేవాళ్లకి డీఎస్ఎల్ఆరే సుఖం.

ఇక టెలిస్కోపు

127/1500 మాక్సుటోవ్, 150/1200 డాబ్సోనియన్, 130/650 న్యూటోనియన్. అసలు పోటీ ఈ మూడింటి మధ్యే. 70 మి.మీ. బొమ్మల రిఫ్రాక్టర్ నిండు బింబం ఫోన్ ఫొటోకి పనికొస్తుంది, దాని స్టాండే దాని శత్రువు. పొట్టి గొట్టంలో 1000 మి.మీ. ఫోకల్ లెంగ్త్ అని రాసిన 114 మి.మీ. రకం, ఫోకసర్ లోపలే లెన్స్ ఉన్నది, వద్దే వద్దు. కొలిమేషన్ (అద్దాలని ఒకే వరసకి తేవడం) చేయడం కష్టం, పదును రాదు.

డాబ్సోనియన్ 150 ఇచ్చినంత వివరం ఆ ధరకి మరేదీ ఇవ్వదు. ఎఫ్/8 కాబట్టి కొలిమేషన్ కాస్త అటూ ఇటూ అయినా క్షమిస్తుంది. బస్సులోనో కొరియర్లోనో కుదుపులు తిన్న ఎఫ్/5 న్యూటోనియన్ అలా కాదు, చందమామ మీద పెట్టే ముందు ప్రతిసారీ అద్దాల వరస చూసుకోవాలి. డాబ్సోనియన్‌కి మోటారు లేదు కదా, వీడియో ఎలా అంటారు. చందమామని ఫ్రేము ఒక అంచున పెట్టి చేతులు తీసేయండి. 4.8 మి.మీ. సెన్సర్, 1200 మి.మీ. గొట్టం అయితే బిలం అవతలి అంచుకి చేరేసరికి 50 సెకన్లు పడుతుంది. సెకనుకి 30 చొప్పున 1500 ఫ్రేములు, చాలినన్ని. పిప్ అనే ఉచిత ప్రోగ్రాం ఆ జారుడుని సరిచేసి ఆటోస్టాకర్ట్‌కి ఇస్తుంది. బార్లో పెడితే ఆ సమయం సగమవుతుంది, రెండు మూడు వీడియోలు కలపాలి. ఇంకో సంగతి: చందమామ నడినెత్తిన ఉన్నప్పుడు డాబ్సోనియన్ మొండికేస్తుంది, పక్కకి తిప్పాలంటే పట్టు దొరకదు. మన అక్షాంశంలో వసంత కాలపు సాయంత్రాల్లో ఇది తరచూ జరిగేదే. ఒకటి రెండు గంటలు ఆగితే పడమటికి వాలి మాట వింటుంది.

మాక్సుటోవ్ 127 చిన్నది, మోటారు మౌంట్‌తో కలిపినా స్కూటర్ మీద పట్టుకెళ్లొచ్చు, కొలిమేషన్ జోలికి పోనక్కర్లేదు, అన్ని కెమెరాలూ ఫోకస్ అవుతాయి. ఇబ్బంది వేడి, తేమ. మూసిన గొట్టం కాబట్టి గదిలోంచి బయటికి తెచ్చాక లోపలి గాలి చల్లబడటానికి 45 నిమిషాల నుంచి గంట పైగా పడుతుంది. అంతవరకూ బొమ్మ నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది. న్యూటోనియన్‌కి అరగంట చాలు. ముందున్న గాజు మీద మంచు పట్టేది కూడా దీనికే ఎక్కువ.

కాబట్టి ఊరిని బట్టి చెప్పాలంటే: గోపాలపురం, బరంపురం, ఛత్రపురం లాంటి తీరపు ఊళ్లలో, స్థిరమైన చోటు ఉంటే డాబ్సోనియన్. అద్దం గొట్టం అడుగున ఉంటుంది, మంచు త్వరగా అందుకోదు. మాక్సుటోవే కావాలంటే 20 నుంచి 25 సెం.మీ. పొడవు మంచు తొడుగు వెంటనే చేసుకోండి, యోగా మ్యాట్ ముక్కని గొట్టంగా చుట్టి లోపల నల్లగా ఉంచితే సరి. కోరాపుట్, సెమిలిగుడ లాంటి 900 మీటర్ల ఎత్తు పీఠభూమి మీద చలికాలం సాయంత్రం ఉష్ణోగ్రత గబగబా పడిపోతుంది. గొట్టం ఎంత చల్లబడినా బయటి గాలి దానికంటే ముందు పరిగెడుతుంది. అక్కడ కూడా మాక్సుటోవ్ కంటే న్యూటోనియన్ నయం, లేదంటే సాయంత్రం నాలుగింటికే టెలిస్కోపు వరండాలో పెట్టేయాలి. అద్దె ఇల్లు, మేడ మెట్లు, ఊరూరా ఉద్యోగ బదిలీలు ఉన్నవాళ్లు మాక్సుటోవ్ తీసుకుని ఆ గంట ఓపిక పట్టడమే మంచిది. 130/650 మోటారు మౌంట్‌తో కలిపి తక్కువకి దొరికితే తీసుకోండి, కానీ పైన చెప్పిన ఫోకస్ చిక్కు, కొలిమేషన్ పని మీ నెత్తినే ఉంటాయి.

ఈక్వటోరియల్ మౌంట్ (ధ్రువనక్షత్రం వైపు పెట్టిన అక్షం చుట్టూ తిరిగే స్టాండ్) కొంటే మన అక్షాంశం ఇబ్బంది పెడుతుంది. ధ్రువనక్షత్రం మనకి 19 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన కొండో మేడో ఉంటే కనపడదు. అక్షం అంత కిందికి వంచినప్పుడు తూకం గుండు ఉన్న కడ్డీ త్రిపాది ఉత్తరపు కాలికి తగులుతుంది. బరువైన గుండుని పైకి జరిపి వాడండి, లేదా మౌంట్ కింద చిన్న స్తంభం వేయించండి. ధ్రువనక్షత్రం దొరకలేదని దిగులొద్దు. చందమామకి దిక్సూచి చాలు. మన వైపు అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే. స్కేలు మీద 19 పెట్టి, వేగం "లూనార్"కి మార్చితే నిమిషం వీడియోకి ఏ లోటూ రాదు.

ఎప్పుడు తీయాలి

పౌర్ణమి నాడు బిలాలు కనపడవు. సూర్యుడు నెత్తిన ఉంటాడు, నీడ ఉండదు. టైకో నుంచి పాకే తెల్ల చారలు మాత్రమే బాగుంటాయి. బిలం లోతు తెలిసేది నీడ గీత దాని పక్కనుంచి వెళ్లే రోజే. అది ఏ రోజో చెప్పడానికి ఇంట్లో పంచాంగం ఉంది.

తిథి అంటే సూర్యచంద్రుల నడుమ 12 డిగ్రీల ఎడం. శుక్ల పక్షంలో తిథి సంఖ్యని 12తో హెచ్చవేసి 90 తీసేయండి. ఆ తిథి ముగిసే వేళకి నీడ గీత చంద్రుడి మీద ఏ పడమటి రేఖాంశంలో ఉంటుందో వస్తుంది. మైనస్ వస్తే తూర్పు. దశమి ముగింపుకి 120 నుంచి 90 పోగా 30 పడమర. కోపర్నికస్ 20 పడమర మీద ఉంది, గీత దాన్ని దాటి అయిదారు డిగ్రీలు పోయాక అందం, కాబట్టి దశమి రెండో సగం. అలాగే థియోఫిలస్‌కి షష్ఠి, మాంజినస్‌కి షష్ఠి, సప్తమి, టాలెమీ-ఆల్ఫోన్సస్-అర్జాకెల్ త్రయానికి అష్టమి చివర, ప్లేటోకీ క్లేవియస్‌కీ 110 కి.మీ. పొడవున్న నిటారు గోడకీ నవమి, గసెండీకి ద్వాదశి. చంద్రుడు కొద్దిగా అటూ ఇటూ ఊగడం వల్ల ఇందులో ఎనిమిది డిగ్రీల దాకా తేడా రావచ్చు, అంటే సగం తిథికి కొంచెం పైన. అందుకే ముందు రోజూ తర్వాతి రోజూ కూడా టెలిస్కోపు బయట పెట్టండి. ఒక జాగ్రత్త: క్యాలెండర్ గడిలో ఉన్నది సూర్యోదయపు తిథి, మీకు కావాల్సింది సాయంత్రపు తిథి. ముగిసే సమయం చూసుకోండి.

ఒడియా పంజిలో కృష్ణ పక్షానికి మాసం పేరు మన పంచాంగంతో కలవదు, తిథి మాత్రం ఒకటే. ఖండపడాకి చెందిన ఖగోళజ్ఞుడు పఠాణి సామంత (1835–1904) వెదురు, కర్రలతో చేసుకున్న సాధనాలతో, ఒట్టి కంటితో చంద్రుడి నడకలోని ఎచ్చుతగ్గులు కొలిచిన నేల ఇది. చంద్రుడి లెక్క ఇక్కడ గోడ మీద వేలాడే కాగితంలోనే దొరకడం గొప్ప సౌకర్యం.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వాన తెరిపిచ్చిన రోజుల్లో బహుళ అష్టమి చంద్రుడు తెల్లవారుజామున నడినెత్తికి వస్తాడు. రాత్రంతా చల్లారిన నేల, నిలిచిన గాలి. సంవత్సరంలో అతి పదునైన వీడియోలు ఆ నాలుగైదు గంటల వేళే వస్తాయి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో కాలవైశాఖి మబ్బు ఎప్పుడు లేస్తుందో తెలియదు, గొడుగు కాదు, గొట్టం మొత్తానికి సరిపడే ప్లాస్టిక్ పట్టా దగ్గర ఉంచుకోండి.

డాబా మీద పెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. పగలంతా కాగిన సిమెంటు రాత్రి తొమ్మిది, పది దాకా వేడి వదులుతూనే ఉంటుంది. చందమామ అంచు ఉడుకుతున్నట్టు కదిలితే ఎక్కువసార్లు తప్పు ఆకాశానిది కాదు, మీ కాళ్ల కింద స్లాబుది. పెరట్లో మట్టి మీద, పచ్చిక మీద అదే రాత్రి బొమ్మ నిలుస్తుంది. పక్కింటి రేకుల కప్పు మీదుగా చూడకండి.

ఇంట్లో పని

ఆటోస్టాకర్ట్‌లో "సర్ఫేస్" ఎంచుకోండి, "ప్లానెట్" కాదు. నాణ్యత గ్రాఫు నిటారుగా పడిపోతే 10 శాతం, నెమ్మదిగా దిగితే 20 శాతం ఫ్రేములు చాలు. రెజిస్టాక్స్ వేవ్‌లెట్స్‌లో మొదటి రెండు పొరలు కొంచెం కొంచెం పెంచండి. బిలం అంచు చుట్టూ నల్ల గీతో తెల్ల గీతో మొలిస్తే మోతాదు దాటినట్టే, వెనక్కి రండి. డీఎస్ఎల్ఆర్ వాళ్లు ఒక్క ఫొటో కాక వరసగా 30, 40 రా ఫైళ్లు తీసి ఇదే దారిలో పేరిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

కొన్నదాన్ని కాపాడుకోవడం

తీరపు ఊళ్లలో లెన్సులకి బూజు పట్టడం కెమెరా చెడిపోవడం కంటే ఎక్కువగా జరిగే నష్టం. మంచు తడి ఉన్న గాజుకి మూత పెట్టొద్దు, తుడవనూ వద్దు. గదిలో మూతి కిందికి వంచి గంట ఆరనిచ్చి అప్పుడు మూత పెట్టండి. ఐపీస్‌లు, బార్లో, కెమెరా గాలి దూరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. నీలం గింజలు గులాబీ రంగుకి మారితే బాణలిలో సన్నటి సెగ మీద వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి, ఆ బాణలి తర్వాత వంటకి వాడొద్దు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఫోన్ టార్చిని గాజు వెనకనుంచి ఏటవాలుగా వేసి చూడండి. సాలెగూడు లాంటి సన్నని పోగులు కనపడితే బేరం ఎంత తగ్గించినా తీసుకోవద్దు. దుమ్ము కనపడితే మాత్రం వెనకాడక్కర్లేదు, చందమామ ఫొటోలో అది తెలియనే తెలియదు.